కింది ఇంటూ గుర్తు

మార్చి 1, శుక్రవారం

ఈ నోటుబుక్కు పంతులమ్మ ఇచ్చింది, శనివారం ఏం చెప్పాలో ముందే రాసుకోండి అని. అది తర్వాత రాసుకుంటాను. ముందు నా కడుపుమంట రాసుకోవాలి. ఇంట్లో చెప్పుకుందామంటే మా ఆయన వింటున్నట్టే తలూపుతూ రేడియో సౌండు పెంచుతాడు.

ఇరవై రెండేళ్ళుగా ఈ కౌంటరు నాది. ఆస్పత్రిలో ఆయాలు, వంటవాళ్ళు, డ్రైవర్లు, లాండ్రీవాళ్ళు మా పరపతి సంఘంలో నెలనెలా దాచుకుంటారు. ఆ డబ్బులోంచే అవసరమైనవాళ్ళకి అప్పులిస్తాం. మెట్ల కింద గది, ఒక కిటికీ. అవతల గోడ లాండ్రీది, అందుకని ఏడాది పొడుగునా వెచ్చగా ఉంటుంది. ముగ్గురు కార్యదర్శులు వచ్చారు, పోయారు. ఎవరూ నా పనిలో వేలు పెట్టలేదు. ఈ పంతులమ్మ నాలుగోది. ఇదివరకు బళ్ళో పాఠాలు చెప్పేదట, ఆ వాసన ఇంకా పోలేదు. వచ్చిన నెలకే కమిటీని కూర్చోబెట్టి ఒప్పించింది. సభ్యులకి తమ డబ్బు సంగతి తమకి తెలియాలట, తమ కాగితం తామే చదువుకోవాలట, అందుకని ప్రతి శనివారం గంటసేపు పాఠమట.

చెప్పేది నేనట. "మీకు తెలిసినంత ఇక్కడ ఎవరికి తెలుసండీ" అంది. పొగిడి పని చేయించుకోవడం కూడా బళ్ళోనే నేర్చుకున్నట్టుంది.

అసలు వాళ్ళు చదవాల్సిన అవసరం ఏమొచ్చింది? నేనున్నాగా.

మార్చి 2, శనివారం

ఐదుగురొచ్చారు. ఒకాయన బిస్కట్ల కోసం, ఇద్దరు ఫ్యాను కోసం. ఒక డ్రైవరు వచ్చీ రాగానే నిద్రపోయాడు. నిజంగా వినడానికి వచ్చింది ఇస్త్రీ వదిన ఒక్కతే. ముందు బెంచీలో కూర్చుంది, చెక్కిన పెన్సిలు చెవి మీద పెట్టుకుని.

పాతికేళ్ళుగా లాండ్రీలో ఇస్త్రీ చేస్తోంది. ఆమె నన్ను వదినా అంటుంది, నేను ఆమెని వదినా అంటాను, ఎవరికి ఎవరు ఆడపడుచో ఇప్పటిదాకా తేలలేదు. నా ఆఫీసు కోటు కూడా ఆమే ఇస్త్రీ చేసి తెచ్చిస్తుంది. డబ్బులివ్వబోతే కొట్టినంత పని చేస్తుంది. మూడో తరగతితో బడి మానేసింది. దుప్పట్ల మీద కుట్టిన వార్డు పేర్లు తప్ప ఇంకేం చదివి ఎరగనంది.

పాసుబుక్కు ఎలా చూడాలో చెప్పాను. ఒక వరసలో వేసింది, ఒక వరసలో తీసింది, చివర మిగిలింది. వదిన వేలు పెట్టి కూడబలుక్కుని చివరికొచ్చి, "ఇదంతా నాదేనా?" అంది. ఇన్నేళ్ళూ ఆ పుస్తకం తెరిచి చూసుకోలేదట. "నువ్వు చెప్తావుగా వదినా, ఇంక నేను చూడ్డమెందుకు" అంది.

ఆ మాటకి నాకు గర్వంగా అనిపించింది. ఇక్కడ దాచుకోవడమెందుకు, గర్వంగానే అనిపించింది.

మార్చి 6, బుధవారం

లైను వరండా దాటింది. పంతులమ్మ పుణ్యమే. రెండు ముక్కలు చెవిన పడేసరికి ఒక్కొక్కళ్ళు ప్లీడరులా ప్రశ్నలేస్తున్నారు.

మధ్యాహ్నం వాళ్ళకి దొరికేది అరగంట. అందులోనే తినాలి, నా కిటికీ దగ్గరికీ రావాలి. అందుకే అప్పు కాగితం నేనే నింపేస్తాను. పెన్సిలుతో రెండు ఇంటూ గుర్తులు పెడతాను. పై ఇంటూ దగ్గర అప్పు తీసుకునేవాళ్ళు సంతకం పెడతారు. కింది ఇంటూ దగ్గర, లైన్లో వాళ్ళ వెనక ఎవరు నిలబడితే వాళ్ళు. మనిషికి నాలుగు నిమిషాలు. ఆస్పత్రి మొత్తానికి తెలుసు, వెనకున్నవాళ్ళది కింది ఇంటూ అని. జామీను ఉండమని గడ్డం పట్టుకుని బతిమాలే పని ఎవరికీ లేదు. ఇంత సుఖం ఏ ఆఫీసులో ఉంది?

ఇవాళ ఒక ఆయా పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "అమ్మా, ఈ కింది ఇంటూ ఎందుకు?"

"సాక్షికమ్మా. సంతకమేగా, పెట్టు" అన్నాను.

పంతులమ్మ అప్పుడు గదిలో లేదు.

మార్చి 9, శనివారం

పదకొండు మంది. వడ్డీ ఎలా లెక్కవేస్తారో చెప్పాను, దుప్పట్ల కట్ట పెట్టి. కట్టలోంచి ఒక్కో దుప్పటీ తీసేస్తుంటే మిగిలినవాటికే వడ్డీ అని చూపించాను. డ్రైవరు కూడా మేలుకున్నాడు. నాకు పాఠం చెప్పడం బాగానే వచ్చు. పంతులమ్మ వెనక నిలబడి చూస్తూ మురిసిపోయింది. నేనూ కాస్త మురిసిపోయాను.

పాఠం అయ్యాక వదిన ఆగింది. నెలాఖరుకి పని మానేస్తోంది. పాదాలు సాయంత్రానికి చెప్పులో పట్టనంతగా వాస్తున్నాయి. నిలబడే పని ఇక వద్దన్నారట డాక్టరు. తమ్ముడింట్లో వరండాలో మడతమంచం మీద పడుకుంటుంది. అటూ ఇటూ వెళ్ళే ప్రతివాళ్ళూ ఆమె మంచానికి తగులుకుంటూ వెళ్ళాల్సిందే. ఇప్పుడు సైకిళ్ళ కొట్టు మీద ఒక గది చూసుకుంది. తన పొదుపంతా తీస్తే అడ్వాన్సుకి సరిపోతుంది. ఈ నెలాఖరు దాకా ఆగుతానన్నాడట ఇంటాయన.

"లోపలివైపు గొళ్ళెం ఉంది వదినా" అంది. కిటికీ గురించి చెప్పింది, కుళాయి గురించి చెప్పింది, మళ్ళీ గొళ్ళెం దగ్గరికే వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళలో తను లోపలినుంచి గొళ్ళెం పెట్టుకున్న తలుపు స్నానాలగదిదేనట.

మార్చి 12, మంగళవారం

లిఫ్టు నడిపే ఆయన ఉద్యోగం మానేసి నాలుగు నెలలు. అప్పు వాయిదాలు ఆగిపోయాయి. ఫోను ఎత్తడు, ఇల్లు ఖాళీ చేశాడు. ఇక జామీనుదారు పొదుపులోంచి పట్టుకోవాల్సిందే, అది నియమం.

కాగితం తీశాను. కింది ఇంటూ దగ్గర ఇస్త్రీ వదిన సంతకం.

ఆ రోజు ఆమె కూడా ఏదో పని మీద లైన్లోకి వచ్చి ఉంటుంది. అందరూ పెట్టినట్టే పెట్టింది. నియమం నేను రాయలేదు.

మార్చి 13, బుధవారం

ఇవాళ ఏం లేదు. పని ఎక్కువ.

మార్చి 14, గురువారం

నోటీసు టైపు చేశాను. కమిటీ తేల్చేదాకా మీ పొదుపు తీయడానికి వీల్లేదు అని. లాండ్రీ గుమ్మం నా కుర్చీకి పన్నెండడుగులు ఉంటుందేమో. అయినా బంట్రోతు చేత పంపించాను.

మార్చి 15, శుక్రవారం

వదిన వచ్చింది. గొడవ పెట్టుకుంటుందనుకున్నాను. గట్టిగా సమాధానాలు కూడా తయారుచేసుకున్నాను. ఆమె లైన్లో నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగి, కిటికీలోకి వంగి నెమ్మదిగా అడిగింది.

"వదినా, జామీనంటే సాక్షి కాదా?"

"కాదు. అతను కట్టకపోతే నువ్వు కడతానని."

"అమ్మో, అంత మాటా! నాకు తెలీకపోయిందే." చెంప మీద చెయ్యేసుకుంది. "నువ్వు చదివే వినిపించి ఉంటావులే. ఆ మిషన్ల మోతలో పనిచేసీ చేసీ నా చెవులు మొద్దుబారిపోయినట్టున్నాయి. నాకే వినపడి ఉండదు. చదివావు కదూ?"

వెనక ఏడుగురున్నారు. పంతులమ్మ బల్ల దగ్గరే ఉంది.

"ఆఁ, చదివాను" అన్నాను.

మార్చి 16, శనివారం

పాఠానికి రాదనుకున్నాను. వచ్చింది. ముందు బెంచీలోనే కూర్చుంది. "సరిగ్గా వినపడాలి కదా" అని ఇంకా ముందుకు జరుపుకుంది బెంచీని.

మార్చి 19, మంగళవారం

కూరలో రెండుసార్లు ఉప్పేశానట. మా ఆయన రేడియో కట్టేశాడు. పెళ్ళయ్యాక అలా ఎన్నిసార్లు కట్టేశాడో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

"ఏమైంది?"

"ఏం లేదు. ఆఫీసులో ఒకావిడ తెలీక సంతకం పెట్టేసింది."

"మరి నువ్వున్నావుగా అక్కడ" అన్నాడు, అమాయకంగా.

మార్చి 23, శనివారం

పంతులమ్మే పాఠం ఎంచింది. జామీను. ఖాళీ అప్పు కాగితాలు తెచ్చి తలా ఒకటి పంచింది. "ఒక్కొక్కరు ఒక్కో వాక్యం చదవండి. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ ఆపి అడగండి. సిగ్గుపడాల్సింది అడిగేవాళ్ళు కాదు, చెప్పనివాళ్ళు" అంది. నా గురించి తెలిసి అన్న మాట కాదది. తెలియదు ఆవిడకి.

చిట్టచివరి వాక్యం వదిన వంతుకొచ్చింది. ఆ వాక్యం వచ్చేలోపు గంట అయిపోతే బాగుండునని నేను గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. వదిన వేలు పెట్టి, ఒక్కో అక్షరం దుప్పటి మడత విప్పినట్టు విప్పి చదివింది.

"పై... షరతులు... జామీనుదారుకు... చదివి... వినిపించాను." ఆగి, "దీని కింద ఎవరు సంతకం పెట్టాలి?" అంది.

"కౌంటరులో ఉన్నవాళ్ళు" అంది పంతులమ్మ.

"అంటే మా వదిన. చూశారా, నా కాగితం మీద కూడా పెట్టే ఉంటుంది. నేనే చెవిటిదాన్ని!" అని తన చెవి తనే మెలిపెట్టుకుంది. అందరూ నవ్వారు. ఆస్పత్రిలోనే ఉంటూ చెవులు చూపించుకోకపోవడం ఏమిటి, సోమవారం చూపించుకుంటానంది.

నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వానేమో కూడా.

మార్చి 26, మంగళవారం

కమిటీ కూర్చుంది. వదిన సంగతి వచ్చింది. "పాపం, అయినా సంతకం ఉంది, చదివి వినిపించినట్టు కూడా ఉంది, ఆవిడ పొదుపులోంచి పట్టుకోక తప్పదు" అన్నారు. టీలు నేనే అందించాను.

మార్చి 27, బుధవారం

భోజనాల వేళ దాటాక వదిన వచ్చింది. లైను లేదు. కిటికీలోంచి ఒక కాగితం లోపలికి తోసింది.

"చెవుల రిపోర్టు. ఎవరినీ అడక్కుండా నేనే చదివాను వదినా" అంది. వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, కుడి చెవి, మామూలుగా ఉంది. ఎడమ చెవి, మామూలుగా ఉంది. డాక్టరుని కూడా అడిగాను, ఇలా లైన్లో నిలబడి ఎదుటి మనిషి చదివితే నాకు వినపడుతుందా అని. నిక్షేపంగా వినపడుతుందమ్మా అన్నాడు."

నేను రిపోర్టు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆమె ఏమీ అడగలేదు. అడిగితే బాగుండును. కాగితం తిరిగి తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. ఏం మడతపెట్టినా అంచుకి అంచు కలుస్తుంది ఆమెకి. వెళ్ళిపోయింది.

మార్చి 28, గురువారం

ఉన్నది రాస్తాను.

ఆ రోజు వదిన లైన్లోకి ఏ పని మీదా రాలేదు. నా కోటు ఇవ్వడానికి వచ్చింది. ఇస్త్రీ చేసిన నా నీలం కోటు నలగకుండా మోచేతి మీద వేసుకుని, లిఫ్టు ఆయన వెనక నిలబడింది, నేను తలెత్తితే ఇచ్చేసి పోదామని. అతని వెనక ఇంకెవరూ లేరు. "వదినా, ఊరికే నిలబడ్డావుగా, ఒక సంతకం గీకి పో" అన్నాను. "ఎక్కడ?" అంది. "కింది ఇంటూ" అన్నాను. కోటు ఎడమ చేతి మీదకి మార్చుకుని సంతకం పెట్టింది. తర్వాత కోటు ఇచ్చింది. కాలరు ఇంకా వెచ్చగా ఉంది, అది కూడా గుర్తుంది నాకు. పన్నెండో తారీఖున కాగితం తీసినప్పుడే గుర్తొచ్చింది. ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను. దీన్ని చదివేది నేనొక్కదాన్నే, నాక్కూడా నిజం చెప్పలేదు.

నేనెవరికీ ఏదీ చదివి వినిపించలేదు. ఒక్కరికంటే ఒక్కరికి కూడా. కాగితాలన్నీ ఉదయాన్నే కట్టగా పెట్టుకుని, ఆ అచ్చు వాక్యం కింద ముందే సంతకాలు పెట్టి ఉంచుకునేదాన్ని, టైము కలిసొస్తుందని. దానికి కూడా మురిసిపోయేదాన్ని.

వాళ్ళకి చదువు రాదు కాబట్టి నేను చేసిపెడుతున్నాననుకున్నాను. వాళ్ళు చదవకపోవడమే నాకు సుఖంగా ఉండేది. సిగ్గుతో చచ్చిపోతున్నాను అని రాయడం తేలిక. చచ్చిపోలేదు, ఇందాకే అన్నం కూడా తిన్నాను.

మార్చి 29, శుక్రవారం

జరిగిందంతా ఉత్తరంగా రాసి పంతులమ్మకి ఇచ్చాను. నిలబడే చదివింది. తిడుతుందని చూశాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మంగళవారం కమిటీ కూర్చుంది కదండీ. అప్పుడు మీరు గదిలోనే ఉన్నారు" అంది.

"ఉన్నాను."

"ఆ రోజు చెప్పి ఉంటే ఆవిడ డబ్బు ఆ పూటే విడిపించేవాళ్ళం. నా ఒక్క సంతకంతో అవదు. అందరూ మళ్ళీ కలిసేది బుధవారం." కళ్ళజోడు పెట్టుకుంది. "గది సంగతి మీకు తెలుసా?"

తెలుసన్నాను.

మార్చి 30, శనివారం

సైకిళ్ళ కొట్టు దాకా వెళ్ళాను. నా గాజులు అమ్మి అడ్వాన్సు కడదామని. ఇంటాయన పైనే ఉన్నాడు, గదికి సున్నం వేయిస్తూ. నిన్న సాయంత్రమే ఎవరో కొత్త దంపతులకి ఇచ్చేశాడట. "ఆ ముసలావిడే వచ్చి, డబ్బు ఆగిపోయింది, నాకోసం ఆగకండి బాబూ అని చెప్పి వెళ్ళింది" అన్నాడు.

తలుపు తెరిచే ఉంది. గొళ్ళెం చూశాను. చిన్నది, ఇత్తడిది.

ఏప్రిల్ 3, బుధవారం

వదిన పొదుపులోంచి పైసా పట్టుకోకూడదని తీర్మానించారు. లిఫ్టు ఆయన బాకీ నా జీతంలోంచి కోస్తారు. కోయమని నేనే అడిగాను, కాబట్టి అందులో నా గొప్పేం లేదు. లైన్లో వెనకవాళ్ళు సంతకం పెట్టే పద్ధతి ఇవాళ్టితో బందు. ఇప్పటిదాకా జామీను ఉన్న ప్రతి ఒక్కరినీ పిలిచి, వాళ్ళ కాగితం నేనే చదివి వినిపించాలి, వద్దన్నవాళ్ళ పేరు కొట్టేయాలి. మొత్తం నూట నలభై ముగ్గురు.

ఉద్యోగం తీసేస్తే తేలికయ్యేది. పంతులమ్మకి ఆ సంగతి తెలుసు.

ఏప్రిల్ 6, శనివారం

"ఈ వారం పాఠం మీ ఇష్టం" అంది పంతులమ్మ.

గది నిండిపోయింది, గుమ్మంలో కూడా నిలబడ్డారు. సంగతి అప్పటికే ఆస్పత్రంతా పాకింది. నేను కోటు గురించి చెప్పాను. ముందే పెట్టుకున్న సంతకాల గురించి చెప్పాను. "ఆఁ, చదివాను" అన్న మాట కూడా చెప్పాను. నోరు తడారిపోయింది, మంచినీళ్ళు ఎవరూ ఇవ్వలేదు. మొన్న పెన్ను పట్టుకుని ఆగిపోయిన ఆయా లేచింది.

"నేను అడిగాను కదమ్మా ఆ రోజు. సాక్షికి అన్నావు."

"అన్నాను."

"మరి ఇంక నువ్వు చెప్పింది మేం ఎందుకు నమ్మాలి?"

"నమ్మకండి. చదవండి" అన్నాను. ఇన్ని శనివారాల్లో నేను చెప్పిన పాఠం అదొక్కటేనేమో.

ముందు బెంచీలో వదిన చోటు ఖాళీగా ఉంది. ఎవరూ అందులో కూర్చోలేదు.

ఏప్రిల్ 11, గురువారం

ముప్పై ఎనిమిది మందికి చదివాను. గొంతు బొంగురుపోయింది. కోటు ఇంట్లో నేనే ఇస్త్రీ చేసుకుంటున్నాను. కాలరు మాడింది.

ఏప్రిల్ 17, బుధవారం

వదిన వచ్చింది. లైన్లో తొమ్మిదో మనిషి. ఆమెని చూసి ముందున్నవాళ్ళు పక్కకి తప్పుకోబోతే, వద్దని తన వంతులోనే నిలబడింది, వాచిన పాదాలతో.

"ఖాతా ముగించాలి మేడం" అంది.

వదినా అనలేదు. ఆ మాట ఒకప్పుడు ఎన్నిసార్లు వినపడేదో లెక్క లేదు. చిన్న గది ఒకటి దొరికిందని లైన్లో వెనకావిడకి చెప్తుంటే విన్నాను. బాగా దూరమట, రెండు బస్సులు మారాలట. లోపలివైపు గొళ్ళెం ఉందా అని అడగాలనిపించింది. అడిగే మొహం నాకేది?

ముగింపు కాగితం నింపాను. ఇంటూ గుర్తు పెట్టలేదు. చదవడానికి నోరు తెరిచేలోగా ఆమె చెయ్యి చాపింది. కాగితం ఇచ్చాను. చెవి మీది పెన్సిలు తీసి, దాని మొనతో ఒక్కో మాటా వెతుక్కుంటూ మొదటినుంచీ చదివింది. రెండుచోట్ల ఆగి, "దీనర్థం ఏంటి మేడం?" అని అడిగింది. చెప్పాను. గడియారం నా ఎదురుగానే ఉంది, పదకొండు నిమిషాలు పట్టింది.

సంతకం పెట్టి కాగితం నా వైపు తిప్పింది. చివర్న అదే అచ్చు వాక్యం. పై షరతులు చదివి వినిపించాను. దాని కింద నేను పెన్ను ఆనించబోతే వేలు అడ్డం పెట్టింది.

"మీరు వినిపించలేదు కదా మేడం. నేనే చదువుకున్నాను. అది కొట్టేసి, జరిగింది రాయండి."

కొట్టేశాను. సభ్యురాలు స్వయంగా చదువుకున్నారు అని రాసి, కింద సంతకం పెట్టాను. ఆ ముక్క కూడా పెన్సిలు పెట్టి చదువుకుని, అప్పుడు డబ్బు కోసం చెయ్యి చాపింది.